సలాలా సాంబ్రాణి నుంచి మేడ్చల్ టీకా దాకా – వ్యాపార రహస్యాల కథ

పసిబిడ్డకు తలంటి పోసి, మూకుడులో నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి చల్లి పొగ వేయడం మన ఇళ్ళలో అమ్మమ్మల నాటి ఆచారం. ఒమాన్ దేశానికి దక్షిణాన ఉన్న ధోఫార్ ప్రాంతంలో, సలాలా పట్టణపు అంగడి వీధిలో అడుగుపెట్టిన తెలుగువాడికి ముందుగా గుర్తుకొచ్చేది ఆ పొగే. అక్కడ అమ్మేది మన సాంబ్రాణికి దగ్గరి చుట్టం. అరబ్బులు దాన్ని ‘లుబాన్’ అంటారు. చెట్టు బెరడు మీద గాటు పెడితే పాలలా కారి, ఎండకు గడ్డకట్టే బంక అది. ప్రాచీన కాలంలో ఈజిప్టులోనూ, రోమ్‌లోనూ గుళ్ళలో పూజకు అది లేనిదే గడిచేది కాదు.

అంత గిరాకీ ఉన్న సరుకు గుట్టు కాపాడుకోవడం ఎలా? ఆ రోజుల్లో పేటెంటు లేదు, ఒప్పంద పత్రం లేదు, వాణిజ్య న్యాయస్థానం లేదు. అందుకని పాముల్ని కాపలా పెట్టారు! క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఈ కథను రికార్డు చేశాడు. సాంబ్రాణి చెట్టు చెట్టుకూ రంగురంగుల రెక్కల పాములు చుట్టుకుని ఉంటాయనీ, మరో రకం బంక కాల్చి పొగ పెడితే తప్ప అవి కదలవనీ రాశాడు. ఆ కథ మొదట ఎవరి నోట పుట్టిందో గానీ, దానివల్ల లాభపడింది మాత్రం సరుకు అమ్మే వర్తకులే. కొనేవాడు చెట్టు దాకా రాకుండా ఉంటే చాలు కదా!

క్రీస్తు శకం 1వ శతాబ్దానికి వచ్చేసరికి పాముల కథ కొంత పలచబడింది. పేరు తెలియని గ్రీకు వర్తక నావికుడొకడు రాసిన ‘పెరిప్లస్’ అనే సముద్రయాన గ్రంథం ధోఫార్ తీరంలోని ‘మోస్కా’ రేవును వర్ణిస్తుంది. సలాలాకు తూర్పున ఖోర్ రోరీ దగ్గర బయటపడిన సుమ్‌హురమ్ శిథిలాలే ఆ రేవని చాలామంది పండితుల అభిప్రాయం. భారతదేశం నుంచి ఆలస్యంగా తిరుగు ప్రయాణమైన ఓడలు అక్కడ చలికాలం గడిపి, బట్టలు, గోధుమలు, నువ్వుల నూనె ఇచ్చి రాజోద్యోగుల వద్ద లుబాన్ తీసుకునేవట. ఆ ప్రాంతంలో లుబాన్ కుప్పలు కాపలా లేకుండానే పడి ఉంటాయనీ, రాజు అనుమతి లేకుండా ఒక్క గింజ ఎక్కించినా ఓడ రేవు దాటదనీ ఆ నావికుడు రాశాడు. అదే పుస్తకంలో మన తీరం కూడా ఉంది. ‘మసాలియా’ అని అతడు పేర్కొన్నది మన మచిలీపట్నం పరిసరాల కృష్ణా తీరమే. సన్నని నూలు బట్టలు అక్కడ విస్తారంగా తయారవుతాయని రాశాడు. అంటే దాదాపు రెండు వేల ఏళ్ళ క్రితమే ఒమాన్, తెలుగు తీరం ఒకే వ్యాపార పుస్తకంలోకి ఎక్కాయన్నమాట.

అదే శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ మరో ముచ్చట చెప్పాడు. అలెగ్జాండ్రియా నగరంలో ఈ సాంబ్రాణిని శుద్ధి చేసే కార్ఖానాలలో పనివాళ్ళ నడుము గుడ్డలకు ముద్ర వేసేవారట. తలకు ముసుగో, సన్నని వలో తగిలించేవారట. పని ముగిశాక బట్టలన్నీ విప్పించి చూసిగానీ బయటికి వదిలేవారు కాదట. సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దగ్గర లాప్‌టాప్ సంచీ విప్పి చూపించే మన పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుకుంటారు. పద్ధతి పాతదే, పరికరాలే మారాయి.

సరుకు దొంగతనాన్ని ముద్ర వేసి ఆపవచ్చు. మరి బుర్రలో ఉన్న గుట్టును ఆపడం ఎలా? పోటీదారుడి రహస్యం నీకు తెలిసిందని అతడు వీధికెక్కితే, అది నీ సొంత తెలివో, అతని ఇంట్లో కన్నం వేసి తెచ్చిందో తేల్చేదెవరు? ఈ ప్రశ్న చుట్టూనే నేటి వాణిజ్య న్యాయస్థానాల్లో కోట్ల డాలర్ల వ్యాజ్యాలు నడుస్తున్నాయి. అందులో మన తెలుగువారి పాత్ర తక్కువేమీ కాదు. ఒమాన్ పాత్ర కూడా ఉంది. ఆ కథ చెప్పే ముందు మన నిజామాబాద్ జిల్లాకు ఒకసారి వెళ్ళి రావాలి.

కోనసముద్రం ఉక్కు

నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం పేరు ఈనాడు మనలో ఎంతమందికి తెలుసు? ఒకప్పుడు ఆ పేరు పర్షియాలోని ఇస్ఫహాన్ నగర వర్తకులకు బాగా తెలుసు. ప్రపంచ ప్రఖ్యాతి పొందిన డమాస్కస్ కత్తులకు కావలసిన ఉక్కు దిమ్మలు తయారైన చోట్లలో అదొకటి. మూసలో రెండు రకాల ముడి ఇనుము కలిపి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చి మన కమ్మరులు ఆ ఉక్కు తీసేవారు. పాశ్చాత్యులు దాన్ని ‘ఊట్జ్’ అన్నారు.

మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్ళి కొలిమి పద్ధతిని వివరంగా రాసుకున్నాడు. ఆయన మరణానంతరం 1832లో ఆ నివేదిక ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయన వెళ్ళిన సమయానికి ఇస్ఫహాన్ వర్తకుడొకడు ఉక్కు కొనడానికి వచ్చి ఆ ఊళ్ళోనే మకాం వేసి ఉన్నాడు. కళ్ళ ముందే తయారయ్యే సరుకు అది. దాచిందేమీ లేదు. ఆ పద్ధతి చూసి వెళ్ళి తమ దేశంలో చేయబోయి పర్షియన్లు విఫలమయ్యారని ఆ వర్తకుడే వాయిసీకి చెప్పాడు. మళ్ళీ మళ్ళీ అంతదూరం ప్రయాణించి రావడమే వాళ్ళకు గతి అయింది.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. వ్యాపార రహస్యం అంటే కాగితం మీది సూత్రం ఒక్కటే కాదు. ఏ గనిలోని రాయి, ఎంత పాళ్ళు, మంట ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అనేవి కమ్మరి చేతిలో, కంటిలో ఉంటాయి. ఆవకాయ కొలతలు అందరికీ తెలిసినవే. అయినా ఒక్కొక్కరి చేతి ఆవకాయకు ఒక్కొక్క రుచి ఉంటుంది కదా!

ఇందులో విధి చేసిన చమత్కారం మరొకటి. గల్ఫ్ దేశాలకు బతుకుతెరువు కోసం వలస వెళ్ళిన తెలుగువారిలో నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల వారే అధికం. ఒకప్పుడు గల్ఫ్ ఆవలి తీరం నుంచి వర్తకులు ఉక్కు కోసం కోనసముద్రం వచ్చారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళ బిడ్డలు మస్కట్‌లో, సోహార్‌లో, దుక్మ్‌లో ఉక్కు కడ్డీలు వంచుతున్నారు. కోనసముద్రం కమ్మరుల పనితనం వారసుల దాకా అందలేదు. కొలిమితో పాటే అదీ చల్లారిపోయింది. ఎక్కడా రాసిపెట్టని రహస్యం దొంగల పాలు కాకపోవచ్చు గానీ, కాలం పాలవుతుంది.

సలాలా మంత్రి, నెల్లూరు ఇంజనీరు

ఇక మన కాలానికి వద్దాం. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. 1992లో జెనీవాలో జరిగిన ఒక సదస్సులో హెపటైటిస్-బి టీకా గురించి విన్నారు. కాలేయాన్ని తినేసే ఆ జబ్బు కోట్లాది భారతీయుల్లో ఉంది. దానికి టీకా కూడా ఉంది. కానీ విదేశాల నుంచి వచ్చే ఆ టీకా ఒక్క మోతాదు ఖరీదు సుమారు 23 డాలర్లు, అంటే ఆనాటి మారకంలో ఏడెనిమిది వందల రూపాయలు. అలాంటివి ముగ్గురు పిల్లలకు మూడేసి మోతాదులు వేయించగల కూలివాడెవడు?

ఆయన ఒక పాశ్చాత్య కంపెనీ దగ్గరికి వెళ్ళి పరిజ్ఞానాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటామన్నారు. వాళ్ళు నిరాకరించారు. ఇచ్చినా ఆ విద్య భారతీయులకు ఒంటబట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుందన్న చులకన ధోరణిలో మాట్లాడారని వరప్రసాద్ రెడ్డి తర్వాత అనేక సభల్లో చెప్పారు. వాళ్ళ దృష్టిలో అది వ్యాపార రహస్యం. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. చట్టం కూడా ఆ హక్కును గుర్తిస్తుంది. కానీ అదే చట్టం రెండో వాడి హక్కును కూడా గుర్తిస్తుంది. ఎదుటివాడి తలుపు తట్టి కాదనిపించుకున్నవాడు తన కాళ్ళ మీద తాను నడిచి అదే చోటికి చేరితే అది దొంగతనం కాదు.

అలా నడవడానికి డబ్బు కావాలి. జీవసాంకేతిక పరిశోధన అంటే మన బ్యాంకులకు అప్పట్లో అంతగా నమ్మకం లేదు. ఫ్యాక్టరీ కట్టడానికి అప్పు అడిగితే ఇస్తారు గానీ, ఫలిస్తుందో లేదో తెలియని ప్రయోగానికి ఎవరిస్తారు? ఆ సమయంలో ఆదుకున్నది ఒమాన్. ఆ దేశ విదేశాంగ వ్యవహారాలు చూసిన యూసుఫ్ బిన్ అలావీ బిన్ అబ్దుల్లా శాంతా బయోటెక్నిక్స్‌లో పెట్టుబడి పెట్టి సగం వాటా తీసుకున్నారు. ఆయన సొంత ఊరు సలాలా. ఏ నేల వర్తకులు ఒకప్పుడు రెక్కల పాముల కథలతో తమ గుట్టు కాపాడుకున్నారో, ఆ నేల బిడ్డడే ఇంకొకరు గుట్టుగా దాచుకున్న విద్యను సొంతంగా సాధించబోయే తెలుగువాడికి అండగా నిలవడం చరిత్రలోని ముచ్చట.

కంపెనీకి వరప్రసాద్ రెడ్డి తన తల్లి పేరు పెట్టుకున్నారు. 1993లో పని మొదలైంది. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తరువాత హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. ప్రాంగణంలో యువ శాస్త్రవేత్తలు ప్రయోగాలు సాగించారు. పద్ధతి క్లుప్తంగా ఇది: హెపటైటిస్-బి వైరస్ పై పొరలో ఉండే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును తీసి ఈస్ట్ కణంలో పెడతారు. ఈస్ట్ పెరిగే కొద్దీ ఆ ప్రోటీన్ తయారవుతుంది. దాన్ని వేరుచేసి శుద్ధి చేస్తే టీకా వస్తుంది. చెప్పడానికి మూడు వాక్యాలే. ఏ రకం ఈస్ట్ వాడాలి, దానికి ఏ మేత పెట్టాలి, ఎన్ని మెట్లలో శుద్ధి చేయాలి, వృథా ఎలా తగ్గించాలి అన్నవే అసలు రహస్యాలు. శాంతా శాస్త్రవేత్తలు ‘పిచియా పాస్టోరిస్’ అనే ఈస్ట్ రకాన్ని ఎంచుకున్నారు. ఆనాటి పేరున్న విదేశీ టీకాలు తయారైంది మరో రకం ఈస్ట్‌తో. మన పిండి రుబ్బి పులియబెట్టే విద్యలాగే ఇక్కడా పులియడమే ప్రధానం గానీ, ఒక్క మెట్టు తప్పితే నెలల శ్రమ గంగపాలు.

1997 ఆగస్టులో ‘శాన్‌వాక్-బి’ మార్కెట్లోకి వచ్చింది. మోతాదు ధర 50 రూపాయలు! దేశంలోనే జన్యు పునస్సంయోగ పద్ధతిలో తయారైన మొదటి టీకా అది. 1996లో కృష్ణ ఎల్ల స్థాపించిన భారత్ బయోటెక్ కూడా హెపటైటిస్-బి టీకాతోనే రంగంలోకి దిగింది. ఒకే ఊరిలో రెండు తెలుగు కంపెనీలు ఒకే టీకా మీద పోటీ పడ్డాయి. పోటీవల్ల ధర ఇంకా దిగింది. విదేశీ కంపెనీలు కూడా తమ ధరలు తగ్గించుకోక తప్పలేదు. వరప్రసాద్ రెడ్డికి 2005లో పద్మభూషణ్ లభించింది. 2006లో కంపెనీలో 60 శాతం వాటా ఫ్రాన్స్‌కు చెందిన మెరియు అలయన్స్ చేతికి వెళ్ళింది. 2009లో సనోఫీ పాశ్చర్ శాంతాను స్వాధీనం చేసుకుంది. ఒకనాడు హైదరాబాద్‌కు విద్య అమ్మనన్న పాశ్చాత్య ప్రపంచమే చివరికి హైదరాబాద్ విద్యను కొనుక్కోవలసి వచ్చింది.

ఈ విజయానికి న్యాయపరమైన పునాది కూడా ఉంది. 1970 నాటి భారత పేటెంట్ల చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకు ఇచ్చేది కాదు. కాబట్టి వేరే పద్ధతిలో అదే మందు చేయడం తప్పు కాలేదు. 2005 జనవరి నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఇక వ్యాపార రహస్యాల మాటకొస్తే, స్వతంత్రంగా కనిపెట్టిన వాడి మీద దావా నిలవదన్నది అన్ని దేశాల న్యాయమూ ఒప్పుకున్న సూత్రం. అయితే ‘నేనే కనిపెట్టాను’ అని నోటితో అంటే చాలదు. ఏ రోజు ఏ ప్రయోగం చేశాం, ఎక్కడ విఫలమయ్యాం, ఎవరు సంతకం పెట్టారు అన్నది ప్రయోగశాల నోటు పుస్తకంలో తేదీలతో సహా ఉండాలి. గెలిచిన ప్రయోగాల కంటే ఓడిన ప్రయోగాల పుటలే అప్పుడు ఎక్కువ ఉపయోగపడతాయి. దొంగిలించి తెచ్చినవాడికి ఓటముల చరిత్ర ఉండదు కదా!

బీరువా తెరిపించే న్యాయం

పోటీదారుల తగాదా అమెరికా కోర్టుకు ఎక్కితే మొదట జరిగేది ‘డిస్కవరీ’. విచారణకు ముందే ఇరుపక్షాలూ ఒకరి కాగితాలు ఒకరు అడిగి తెప్పించుకోవడం, ప్రమాణం చేయించి ప్రశ్నలు వేయడం అన్నమాట. 1938లో వచ్చిన ఫెడరల్ నియమాలతో ఇది స్థిరపడింది. 2006లో ఈ-మెయిళ్ళు, కంప్యూటర్ ఫైళ్ళకు కూడా స్పష్టంగా వర్తింపజేశారు. ఇక్కడే చిక్కు. రహస్యం దొంగిలించారని దావా వేసినవాడు ఆ రహస్యమేమిటో చెప్పాలి. ఎదుటివాడు తన పద్ధతి వేరని చూపడానికి తన రహస్యం విప్పాలి. కాపాడుకోవడానికి కోర్టుకెళ్ళినవాడే బీరువా తెరవవలసి వస్తుంది. అందుకని కోర్టులు రక్షణ ఉత్తర్వులిచ్చి, కొన్ని పత్రాలు న్యాయవాదులు మాత్రమే చూడాలి, కక్షిదారులు చూడరాదు అని షరతు పెడతాయి.

దీనికి పేరుమోసిన ఉదాహరణ కోకా-కోలా. 1977లో ఆ కంపెనీ మన దేశం విడిచి వెళ్ళడం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వాటా తగ్గించుకోవడం, సూత్రం బయటపెట్టడం ఇష్టం లేక వెళ్ళిపోయింది. అమెరికాలో ఆ కంపెనీకి సొంత బాట్లింగ్ భాగస్వాములతోనే తగాదా వచ్చింది. కొత్తగా వచ్చిన డైట్ కోక్ పాత ఒప్పందం కిందికి వస్తుందా రాదా అన్నది ప్రశ్న. రెండింటి సూత్రాలూ పోల్చి చూస్తే తప్ప తేలదని 1985లో డెలావేర్ ఫెడరల్ న్యాయమూర్తి అభిప్రాయపడి, రక్షణ షరతులతో సూత్రం చూపమని ఆదేశించారు. కంపెనీ ససేమిరా అంది. ఆదేశం పాటించనందుకు దాని వాదనకు నష్టం కలిగించే ఉత్తర్వులను కూడా భరించింది గానీ సూత్రం మాత్రం విప్పలేదు. రహస్యం కోసం వ్యాజ్యంలో నష్టాన్ని ఎదుర్కోవడానికైనా సిద్ధపడిందన్నమాట.

మన హైదరాబాద్ కంపెనీలకూ డిస్కవరీ గట్టి పాఠాలే నేర్పింది. 1990ల చివర్లో సత్యం కంప్యూటర్స్ ‘అప్‌ఎయిడ్’ అనే సంస్థకు ఒప్పందం మీద సాఫ్ట్‌వేర్ పని చేసింది. ఆ పని మీద పుట్టిన హక్కులు అప్‌ఎయిడ్‌కు బదిలీ కావాలి. అందుకు ఉద్యోగుల సంతకాలతో పత్రాలు ఇచ్చారు. తర్వాత 2005లో అప్‌ఎయిడ్ ఆ పేటెంట్ల ఆధారంగా క్వాల్‌కామ్, వెరైజన్ కంపెనీల మీద దావా వేసింది. ఆ వ్యాజ్యం నడుస్తుండగా, పత్రాల్లోని సంతకాలు అసలైనవేనా అన్న వివాదం బయటపడింది. 2007లో అప్‌ఎయిడ్ టెక్సాస్ కోర్టులో సత్యం మీదే దావా వేసి, సంతకాలు ఫోర్జరీ అని ఆరోపించింది. పాత రాజీ ఒప్పందంతో ఆ వివాదం ముగిసిపోయిందన్న సత్యం వాదన 2008లో ఇంగ్లండ్ కోర్టుల్లో నిలవలేదు. చివరికి 2009లో 7 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అప్పటికి సత్యం టెక్ మహీంద్రా చేతికి వచ్చింది. పదేళ్ళ క్రితం సంతకం పెట్టిన ఒక కాగితం పదేళ్ళ తరువాత ఎంత బరువవుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మరో ఉదాహరణ టాటా కన్సల్టెన్సీ మీద ‘ఎపిక్ సిస్టమ్స్’ 2014లో విస్కాన్సిన్‌లో వేసిన దావా. ఎపిక్ సంస్థ ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. దాన్ని వాడే ఖాతాదారు దగ్గర పనిచేసిన టి.సి.ఎస్. ఉద్యోగులు అర్హత లేని ప్రవేశంతో ఆరు వేలకు పైగా పత్రాలు దింపుకున్నారన్నది ఆరోపణ. రెండు సంస్థల సాఫ్ట్‌వేర్‌లనూ పక్కపక్కన పోల్చిన పట్టిక ఒకటి సాక్ష్యాల్లోకి వచ్చింది. భద్రపరచవలసిన ఆధారాలను భద్రపరచలేదన్న కారణంతో, వాటిని ప్రతికూలంగా భావించుకోవచ్చని జడ్జి జ్యూరీకి చెప్పారు. 2016లో జ్యూరీ 94 కోట్ల డాలర్లు విధించింది. 2020లో అప్పీలు కోర్టు మొత్తాన్ని 28 కోట్లకు దించింది. 2023లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. పాస్‌వర్డు అరువు తెచ్చుకోవడం మన కుర్రాళ్ళకు చిన్న విషయంలా అనిపించవచ్చు. కోర్టుకు అది కన్నం వేయడంతో సమానం.

మస్కట్ కోర్టులో, ఎన్.ఓ.సి. నీడలో

ఒమాన్ పద్ధతి వేరు. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ పాలన మొదలయ్యాక ఆధునిక వాణిజ్యానికి తగిన న్యాయ వ్యవస్థ మెట్టు మెట్టుగా ఏర్పడింది. 1981లో వాణిజ్య వివాదాల పరిష్కారానికి ప్రత్యేక సంస్థ ఏర్పాటైంది. 1997లో అది వాణిజ్య న్యాయస్థానమైంది. 1999 నాటి న్యాయవ్యవస్థ చట్టంతో సాధారణ న్యాయస్థానాల్లో కలిసిపోయింది. 2000 నవంబరులో ఒమాన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. అదే ఏడాది ట్రేడ్ మార్కులతో పాటు బహిర్గతం కాని వ్యాపార సమాచారానికీ రక్షణ కల్పిస్తూ రాజశాసనం వచ్చింది. 2008లో పారిశ్రామిక ఆస్తి హక్కుల చట్టం దాని స్థానాన్ని మరింత పటిష్ఠం చేసింది. 2009 జనవరి 1న అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం రహస్యానికి మూడు లక్షణాలుండాలి. అది ఆ రంగంలోని వారికి సాధారణంగా తెలిసినది కాకూడదు. రహస్యంగా ఉండడంవల్లే దానికి విలువ ఉండాలి. సొంతదారు దాన్ని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్తలు తీసుకుని ఉండాలి. బల్ల మీద పడేసిన కాగితం పోయిందని ఏడిస్తే ఏ కోర్టూ వినదు.

అయితే ఒమాన్‌లో అమెరికా తరహా డిస్కవరీ లేదు. అరబ్ దేశాల సివిల్ న్యాయ సంప్రదాయంలో ఎవరి ఆధారాలు వారే తెచ్చుకోవాలి. ఎదుటివాడి దగ్గరున్న ఫలానా పత్రం తెప్పించమని కోర్టును అడగవచ్చు గానీ, అది ఏ పత్రమో, తన దావాకు ఎలా సంబంధిస్తుందో ముందే చెప్పగలగాలి. ‘మీ బీరువాలో ఏముందో చూపించండి’ అంటే కుదరదు. విచారణ భాష అరబిక్. పరభాషా పత్రాలకు అనువాదం ఉండాలి. సాంకేతిక విషయమైతే కోర్టు నిపుణుణ్ణి నియమిస్తుంది. అతన్ని ‘ఖబీర్’ అంటారు. చాలా తగాదాల్లో ఖబీర్ నివేదికే త్రాసును ఎటో ఒకవైపు మొగ్గిస్తుంది. కనుక అక్కడ వ్యాపారం చేసేవాడికి తగాదా మొదలయ్యాక కాగితాలు వెతుక్కునే అవకాశం తక్కువ. తగాదా రాకముందే ఫైలు సిద్ధంగా ఉండాలి. ఒప్పందంలో ఏది రహస్యమో పేరుపేరునా రాసుకుని ఉండాలి.

ఇక గల్ఫ్‌లో పనిచేసిన ప్రతి తెలుగువాడికీ తెలిసిన మూడక్షరాలున్నాయి: ఎన్.ఓ.సి. పాత యజమాని అభ్యంతరం లేదని కాగితం ఇస్తే తప్ప కొత్త చోట చేరడానికి వీల్లేని పద్ధతి. 2014లో ఒమాన్ దీన్ని కట్టుదిట్టం చేసింది. ఆ కాగితం లేనివారు దేశం విడిచి వెళ్ళి రెండేళ్ళు ఆగవలసి వచ్చేది. యజమానులు చెప్పిన కారణాల్లో ఒకటి, మనిషి పోటీ కంపెనీకి వెళితే ధరల పట్టికలు, ఖాతాదారుల పేర్లు కూడా వెంట వెళతాయని. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ మేనేజరు దగ్గరున్న రహస్యం కోసం తాపీ మేస్త్రీని కూడా కట్టిపడేయడం ఏం న్యాయం? ఇటుక మీద ఇటుక పేర్చడంలో ఏ కంపెనీ రహస్యముంది? 2021 జనవరి 1 నుంచి ఒమాన్ ఆ నిబంధన ఎత్తివేసింది. కాంట్రాక్టు ముగిసిన కార్మికుడు పాత యజమాని కాగితం లేకుండానే మారవచ్చు. రహస్యాన్ని కాపాడుకోవాలంటే మనిషిని కాక, సమాచారాన్ని కాపాడుకోవాలన్న వివేకం ఇందులో ఉంది.

మన సుప్రీంకోర్టు ఇదే గీతను 1967లోనే గీసింది. సెంచురీ స్పిన్నింగ్ కంపెనీ విదేశీ సంస్థ దగ్గర టైరు దారం తయారీ విద్య కొని, ఐదేళ్ళ ఒప్పందం మీద చేరిన షిఫ్టు సూపర్‌వైజరుకు నేర్పించింది. ఆయన మధ్యలోనే పోటీ కంపెనీలో చేరారు. ఒప్పంద కాలంలో పోటీదారు దగ్గర ఆ పని చేయకూడదన్న షరతు చెల్లుతుందని కోర్టు తేల్చింది. అయితే కాలం తీరాక మనిషి నైపుణ్యం మనిషిదే. జీవితాంతం బతుకుతెరువుకు అడ్డుపడే షరతును 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఒప్పుకోదు. చేతిలోని నేర్పు మనిషిది, చేతిసంచీలోని కాగితం కంపెనీది. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందన్నదే అసలు తగాదా.

చివరిగా ఒక మాట

ప్రవాసంలో మన వాళ్ళు ఒక కంపెనీలో పదేళ్ళు పనిచేసి, అనుభవం గడించి, సొంత సంస్థ పెట్టుకోవడం మామూలే. దాంతో నిన్నటి యజమాని నేటి పోటీదారు అవుతాడు. ఇది గర్వించదగిన విషయమే. ఆ గడప దాటేటప్పుడు మనవాళ్ళు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పాత కంపెనీ ఫైలు ఒక్కటి కూడా ఇంటి కంప్యూటర్‌లో ఉంచుకోవద్దు. కొత్త పని మొదలైన రోజు నుంచి తేదీలతో రాసిపెట్టండి. చదవకుండా ఏ బదిలీ పత్రం మీదా సంతకం పెట్టవద్దు, పెట్టించవద్దు. వ్యాజ్యం వచ్చే సూచన కనబడితే ఒక్క ఈ-మెయిల్ కూడా చెరిపేయవద్దు. దాచినవాడి కంటే చెరిపినవాడికే కోర్టులో శిక్ష ఎక్కువ.

సలాలా వర్తకులకు పాముల కథ తప్ప వేరే రక్షణ లేదు. కోనసముద్రం కమ్మరులకు చేతి నేర్పు తప్ప వేరే పుస్తకం లేదు. మొదటి కథ అబద్ధమని తేలిపోయింది, రెండో విద్య అంతరించిపోయింది. మేడ్చల్‌లో తయారైన టీకా మాత్రం నిలిచింది. దాని వెనక ఒక ఇంజనీరు పంతం ఉంది, సముద్రం ఆవలి స్నేహితుడి నమ్మకం ఉంది, తేదీలు వేసి రాసుకున్న యువ శాస్త్రవేత్తల శ్రమ ఉంది. ఈసారి మీ ఇంట్లో పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేసేటప్పుడు ధోఫార్‌ను ఒకసారి తలచుకోండి. ఆ బిడ్డకు హెపటైటిస్-బి టీకా వేయించేటప్పుడు మరోసారి తలచుకోండి. రెండింట్లోనూ ఒమాన్ వాటా ఉంది.